టిక్కుల కొసరు

ఆ రోజు పొద్దున బట్టల వ్యాపారి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఊరినుంచి వచ్చిన అక్క సాయంత్రం అయిదింటి బస్సుకు తిరిగి వెళ్ళిపోతుంది. ఈలోగా ఆమెకు నాన్న గొంతు వినిపించాలి. వినడానికి ఒక నిమిషం, ఆమె కళ్ళు తుడుచుకోవడానికి ఓ అరగంట, మిగతాదంతా కబుర్లకి. ఎటునుంచి చూసినా లాభసాటి రోజే.

నాన్న పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టులో. దానిమీద ఆయన చేతిరాతతో "పొద్దున" అని ఉంటుంది. వ్యాపారి చిన్నప్పుడు నాన్న చీకటితోనే గోదాముకు వెళ్ళిపోయేవాడు. అయినా సరిగ్గా ఆరింటికి పక్క గదిలోంచి ఆయన కేక వినపడేది, వీడు దిగ్గున లేచేవాడు. కేక వేసేది టేపు రికార్డరని తెలిసేసరికి మీసాలొచ్చాయి. మొన్నామధ్య ఫోటో స్టూడియో అతను ఆ క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ పనిలోనే పాత టేపు ముక్కలైపోయింది. అక్కతో కలిసే వినాలని వ్యాపారి ఇన్నాళ్ళూ ఆ ఫైలును ముట్టుకోలేదు. అది దుకాణం కంప్యూటరులో తప్ప మరెక్కడా లేదు.

అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తీరా నొక్కితే, ఈ రకం ఫైలును తెరిచే ప్రోగ్రాము ఇందులో లేదని వచ్చింది. కోడలికి ఫోన్ చేశాడు.

"పదకొండింటికల్లా వస్తాను మామయ్యా. అప్పటిదాకా మీరు ఇంటర్నెట్టులోంచి ఏదీ దించకండి."

"సరేనమ్మా," అని ఫోను పెట్టేసి మౌసు పట్టుకున్నాడు.

బజారులో అతన్ని అందరూ కొసరాయన అంటారు. మీటరు కొలిచాక రెండు వేళ్ళు వదిలిగాని కత్తెర వెయ్యడు. తను కొనే చోటా అంతే పట్టుగా కొసరు అడుగుతాడు. అడక్కుండానే కొసరు వేసేవాడు నిఖార్సైన వ్యాపారి అని అతని నమ్మకం.

వెతగ్గా దొరికిన పేజీలో నాలుగు బటన్లున్నాయి. పెద్ద బోర్డు పెట్టినవాడిది పెద్ద దుకాణం అయుంటుందని, అన్నిటికన్నా పెద్దదైన ఆకుపచ్చ బటను నొక్కాడు. అది ప్రకటన. వెంటనే ఒక పెట్టె తెరుచుకుంది. అందులో అసలు ప్రోగ్రాముతోపాటు వాతావరణం చెప్పేది, వేగం పెంచేది, చెత్త ఊడ్చేది, చేపల ఆట ఒకటి, అన్నీ ముందే టిక్కులు పెట్టుకుని వరసగా నిలబడ్డాయి.

"చూశావా అక్కా, ఒకటి అడిగితే అయిదు ఇస్తున్నాడు."

"అడక్కుండా ఎందుకిస్తున్నాడో కనుక్కోరా."

"మంచివాడు గనక."

ఇంతలో కంప్యూటరుకు కాపలా ఉండే యాంటీవైరస్ ఎర్ర డబ్బా చూపించి, ఈ ప్రోగ్రాము నమ్మదగ్గది కాదంది. వ్యాపారి నవ్వాడు. ఎదురు కొట్టువాడు ముప్పై ఏళ్ళుగా తన సరుకు గురించి అంటున్న మాటే అది. ఓర్వలేక అంటున్నదని తేల్చి, కాపలాదారు నోరు మూయించి, కనపడిన ప్రతిచోటా "సరే" నొక్కాడు.

పావుగంటలో తెరమీద చెయ్యి పెట్టే చోటు లేకపోయింది. ఎక్కడో మంచు కురుస్తోందని ఒక మూల, చేపలు ఇంకో మూల. ఉన్నట్టుండి స్పీకర్లోంచి ఒకావిడ గట్టిగా అంది: "మొత్తం నాలుగు వందల పన్నెండు లోపాలు కనుగొన్నాము."

దుప్పటి గుడ్డ చూస్తున్న ఖాతాదారు చేతిలో తానును మెల్లగా కింద పెట్టాడు.

"గుడ్డకి కాదండీ, కంప్యూటరుకి," అన్నాడు వ్యాపారి.

"లెక్క బాగా కచ్చితంగా చెబుతోందండీ," అని ఆయన వెళ్ళిపోయాడు.

అక్క కుర్చీ దగ్గరకు లాక్కుంది. "నాన్న ఎప్పుడొస్తాడురా? ఇందాకట్నుంచీ ఈవిడే మాట్లాడుతోంది."

సరిగ్గా అప్పుడే చెత్త ఊడ్చేది పనిలోకి దిగింది. ఇంతవరకూ ఎవరూ తెరవని ఫైళ్ళ జాబితా పరిచి, తీసెయ్యడం మొదలుపెట్టమంటారా అని అడిగింది. జాబితాలో మొదటి పేరు "పొద్దున." కింద పది నుంచి ఒకటి దాకా అంకెలు తగ్గుతున్నాయి. "వద్దు" అన్న బటను ఎక్కడా లేదు. ఆరు దగ్గర వ్యాపారి మౌసు వదిలేశాడు. మూడు దగ్గర వంగి ప్లగ్గు పీకేశాడు.

కోడలు వచ్చి మొదట ఇంటర్నెట్టు తీగ లాగేసింది. తర్వాత ప్లగ్గు పెట్టి, ఆ ఊడ్చేదాన్ని నోరు తెరవనివ్వకుండా ఆపి, ఫైలు ఉందో లేదో చూసింది. ఉంది. దాన్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి అక్క చేతిలో పెట్టింది. అప్పుడుగాని వ్యాపారికి ఊపిరి ఆడలేదు. వచ్చిన అతిథులందరినీ ఒక్కొక్కరినే గెంటేసి, యాంటీవైరస్‌తో మూలమూలా వెతికించేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ తర్వాతే తీగ తగిలించి, ఆ ప్రోగ్రాము తయారుచేసినవాళ్ళ సొంత పేజీకి వెళ్ళి దించుకుంది. ప్రతి పేజీ చదువుతూ అక్కర్లేని టిక్కులు తీసేస్తుంటే మామగారికి ప్రాణం ఉసూరుమంది.

"ఒక్కటైనా ఉంచమ్మా. పాపం, ఊరికే ఇస్తున్నాడు."

"ఇది కొసరు కాదు మామయ్యా. మీ దగ్గర మీటరు గుడ్డ కొన్నాయన వెంట మీరూ వాళ్ళింటికెళ్ళి, బీరువా తెరిచి చూస్తూ కూర్చోవడం."

మిగిలిన టిక్కులు వ్యాపారి తనే వేలుపెట్టి చూపించాడు.

నాలుగుంపావుకి ఫైలు తెరుచుకుంది. కాసేపు బరబరమని చప్పుడు. తర్వాత కీచుమని ఒక ఆడపిల్ల గొంతు: "ఒరేయ్, ఇంకా పడుకునే ఉన్నావా? దుకాణం షట్టరు ఎవడు తీస్తాడు, మీ తాతా?"

వ్యాపారి మొహం పాలిపోయింది. "అయిపోయింది. ఆ వైరస్సు నాన్న గొంతు తినేసింది."

"ఫైలు చెక్కుచెదరలేదు మామయ్యా," అంది కోడలు.

అక్క చీర కొంగు సర్దుకుంది. "అది నాన్న కాదురా. నేనే."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నిన్ను లేపే పని నాకు అప్పజెప్పి పోయేవాడు. నా మాట నువ్వెప్పుడు విన్నావు? ఒకరోజు నాన్నలా అరిచి రికార్డు చేశాను. తీరా వేసేసరికి బ్యాటరీలు అయిపోవచ్చి టేపు నత్తలా తిరిగింది, అచ్చం నాన్నే పిలిచినట్టు వచ్చింది. నువ్వు మంచం మీంచి ఎగిరి దూకావు."

"నాన్నకి తెలుసా?"

"విన్నాడు. నేనిలా అరుస్తానా అని చాలాసేపు ఆలోచించాడు. క్యాసెట్టు మీద పేరు రాసి, బ్యాటరీలు మాత్రం మార్చొద్దన్నాడు."

నాన్న గొంతు ఆ టేపులో లేదని, ఎప్పుడూ లేదని ఇప్పుడు తేలింది. కోడలు ప్రోగ్రాములో, వేగం తగ్గినా గొంతు మారకుండా ఉంచమన్న చోట టిక్కు తీసేసింది. వేగం ముప్పావుకి తగ్గించి మళ్ళీ నొక్కింది.

"ఒరేయ్," అంది కంప్యూటరు, బరువుగా, విసుగ్గా. "ఇంకా పడుకునే ఉన్నావా?"

యాభై తొమ్మిదేళ్ళ వ్యాపారి దిగ్గున లేచి షట్టరు దగ్గరికి పరిగెత్తాడు. అది పొద్దుటినుంచీ తెరిచే ఉంది.