కనెక్ట్ అవుదాం, పైపు సంగతి తర్వాత చూద్దాం

దానధర్మాల సంస్థల్లో చేరే కుర్రవాళ్లు పని చెయ్యకూడదు. చేస్తే పాడైపోతారు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. పని చేసే మనిషి ఎక్కడుంటాడు? పని దగ్గరుంటాడు. అక్కడ ఇంకెవరుంటారు? అవసరం ఉన్నవాళ్లుంటారు. వాళ్లతో పరిచయం పెంచుకుంటే ఏమొస్తుంది? ఇంకాస్త పని వస్తుంది! అదే తనలాంటి నాలుగొందలమంది ఒక ఏసీ హాల్లో చేరి, మెళ్లో బ్యాడ్జీలు వేలాడేసుకుని, ఒకరి కార్డు ఒకరు పుచ్చుకున్నారనుకోండి, ఎవరికీ పని పెరగదు. కెరీర్ మాత్రం పెరుగుతుంది. దీన్నే నెట్‌వర్కింగ్ అంటారు. ఇంత మహత్తరమైన సంగతిని పట్టుకుని టైమ్ వేస్టని గొణిగే వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

నమ్మకం కుదరడం లేదా? అయితే చిన్నాఫీసరు సంగతి వినండి.

చిన్నాఫీసరంటే ఒక ఫౌండేషన్లో ప్రోగ్రామ్ ఆఫీసరు. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఆఫీసు మొత్తానికీ చిన్నది కాబట్టి ఆ పేరు పడిపోయింది. ఇంటర్వ్యూలో "ఈ ఉద్యోగమే ఎందుకమ్మా?" అని అడిగితే, "నీళ్లు లేని చోటికి నీళ్లు తేవాలనుందండీ" అంది. ఆ మాటకి డైరెక్టరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోనీ ఆ నీళ్లయినా వచ్చాయి కదా! మర్నాడు ఉద్యోగం ఇచ్చారు. ఆ మర్నాడు వర్క్‌షాపుకి పంపారు.

అది మొదలు. రెండేళ్లలో ఆ పిల్ల ఎంత ఎదిగిపోయిందో చూడండి!

చెయ్యి ఎంతసేపు కలపాలో నేర్చుకుంది. మూడు సెకన్లు. రెండైతే పొగరు, నాలుగైతే ఏదో అడగబోతున్నారని ఎదుటివాళ్లకి బెదురు. టీ కప్పు ఎప్పుడూ ఎడమ చేత్తోనే పట్టుకోవాలని నేర్చుకుంది. కుడి చెయ్యి కలపడానికి ఖాళీగా ఉండాలి మరి! "వినడం ఎలా?" అన్న శిక్షణలో కోచ్ గారు ఏకబిగిన ఆరు గంటలు మాట్లాడారు, అరవైమంది నోరెత్తకుండా విన్నారు. ఇంతకన్నా ప్రాక్టికల్ ఏముంటుంది? వర్క్‌షాపుల అలసట తీర్చుకోవడానికి ఇంకో వర్క్‌షాపు. ఏ వర్క్‌షాపుకి వెళ్లాలో తేల్చుకోవడానికి మరో వర్క్‌షాపు. దానికి మళ్లీ వెయిటింగ్ లిస్టు!

వాళ్లమ్మకే పాపం సరిగా అంతు చిక్కలేదు. "మీ అమ్మాయి ఏం చేస్తుంది వదినా?" అని పక్కింటావిడ అడిగింది.

వాళ్లమ్మ "కలుస్తుంది" అంది.

"ఎవర్ని?"

"కలిసేవాళ్లని."

ఇలా హాయిగా ఎదుగుతున్న పిల్ల టేబుల్ మీద ఒక ఫైలుంది. ప్రతి మంచి కెరీర్లోనూ ఇలాంటి ముల్లు ఒకటి ఉంటుంది.

నడవలేని పిల్లల హాస్టలు. నలభై వీల్‌చైర్లు. లోపల కుళాయి లేదు. వీధి కుళాయి నుంచి రోజుకి వంద బకెట్లు మోస్తారు. వీధి లైను నుంచి కనెక్షన్ తీసుకోవచ్చని మున్సిపాలిటీ అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి నెలాఖరు సాయంత్రం అయిదింటితో సరి. దాటితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఏడాది. పైపులు ఫౌండేషన్ ఇవ్వాలి. ఇవ్వాలంటే చిన్నాఫీసరు వెళ్లి, కళ్లారా చూసి, ఒక్క పేజీ రిపోర్టు రాయాలి. అంతే!

ఏడుసార్లు తేదీ పెట్టుకుంది. ఏడుసార్లూ అభివృద్ధి అడ్డం పడింది. ఒకసారి నాయకత్వ శిబిరం. ఒకసారి, నాయకత్వ శిబిరంలో కలిసినవాళ్లు మళ్లీ కలవడం. ఒకసారి "టైముని జయించడం ఎలా?" అన్న మూడు రోజుల శిక్షణ రెండు రోజులు ఆలస్యంగా మొదలై వారమంతా సాగింది. పిల్ల మంచిదే! ప్రతిసారీ హాస్టలు వార్డెనమ్మకి ఫోన్ చేసి సారీ చెప్పేది. సారీ చెప్పడం మీద కూడా ఆమెకి సర్టిఫికెట్ ఉంది.

చివరికి వార్డెనమ్మే ఆఫీసుకి వచ్చింది. యాభై దాటిన మనిషి, బకెట్లు మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మున్సిపాలిటీ కాగితం. చిన్నాఫీసరు మెట్ల మీద ఎదురైంది. కింద కారు హారన్ కొడుతోంది, వర్క్‌షాపుకి టైమైపోతోంది. అయినా ఆగింది, నవ్వింది, మూడు సెకన్లు చెయ్యి కలిపింది.

"తప్పకుండా కనెక్ట్ అవుదామండీ! ఈ వారంలోనే కనెక్ట్ అవుదాం!"

ఆ లోకంలో ఆ మాటకి అర్థమేంటో మీకూ తెలుసు. ఇక సెలవు, మళ్లీ కనపడకండి అని. కానీ వార్డెనమ్మ తొమ్మిది నెలలుగా ఒక్క కనెక్షన్ కోసమే తిరుగుతోంది. ఆవిడ చెవికి ఆ మాట కుళాయిలాగే వినబడింది! ఆటో ఎక్కి హాస్టలుకి పోయి, వంటమనిషినీ ఆయానీ వాచ్‌మన్‌నీ పిలిచి, గునపం పట్టించింది. మూడు రోజుల్లో గేటు నుంచి వంటింటి దాకా పైపు కాలవ తయారు!

"అమ్మా, తవ్వేశాం" అంది ఫోన్లో, సంబరంగా. "పైపు ఇవాళ వస్తుందా, రేపా?"

"ఏ పైపండీ?"

"అదేంటమ్మా! ఈ వారంలో కనెక్ట్ అవుదామన్నారుగా!"

చిన్నాఫీసరు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. కాలవ సరిగ్గా గేటు దగ్గర ర్యాంపుకి అడ్డంగా పోతుంది. వీల్‌చైరు ఒక్కటీ బయటికి రాదు. పిల్లలు స్కూలుకి వెళ్లి రెండు రోజులైంది. వాళ్లయితే చిన్నాఫీసరుకి జై కొడుతున్నారనుకోండి! కానీ ఒకటో తారీఖున పెద్ద క్లాసులకి పరీక్షలు. పూడ్చేస్తే కనెక్షన్ పోతుంది. పూడ్చకపోతే పరీక్షలు పోతాయి. చేతిలో ఉన్నవి రెండే రోజులు.

పరుగెత్తుకుంటూ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లింది. "సార్, ఎల్లుండి ఒక్క పూట ఫీల్డుకి వెళ్లొస్తాను."

"ఎల్లుండా? యువ దాతృత్వ సమ్మేళనం కదమ్మా! నీ ప్యానెలుంది. టాపిక్ ఏంటీ?"

"క్షేత్రంతో మమేకం కావడం ఎలా, సార్."

"చూశావా మరి! ఫీల్డ్ ఎక్కడికీ పోదమ్మా. ప్యానెల్ మళ్లీ రాదు."

ఎంత లోతైన మాట! ఆ పిల్ల కూడా దాన్ని లోతుగానే ఆలోచించింది. తను ఫీల్డుకి వెళ్లలేకపోతే ఫీల్డునే సమ్మేళనానికి పిలిస్తే? నాలుగొందలమంది దాతల మనుషులు ఒక్క హాల్లో! నలభై అడుగుల పైపు దొరకదా? రెండేళ్లు నేర్చుకున్న నెట్‌వర్కింగ్ ఇప్పుడు కాక ఇంకెప్పుడు పనికొస్తుంది?

నెలాఖరు పొద్దున్న వార్డెనమ్మని చెయ్యి పట్టుకుని, సమ్మేళనం జరిగే హోటల్ గేటు దాటించింది. బ్యాడ్జీ లేదని సెక్యూరిటీ అతను ఆపబోతే "మా ఫీల్డండీ" అంది. అతను సెల్యూట్ కొట్టి పక్కకి తప్పుకున్నాడు.

వార్డెనమ్మని ఎంత బాగా చూసుకున్నారనుకున్నారు! "ఇన్‌స్పైరింగ్!" అన్నారు. ఆవిడతో ఫొటోలు దిగారు. మధ్యాన్నానికి ప్లాస్టిక్ కవర్లో ముప్ఫయ్యొక్క కార్డులు చేరాయి. ఆవిడ మాత్రం మొండిఘటం, అందర్నీ ఒకటే అడిగింది. "పైపేమన్నా ఇస్తారా బాబూ?"

నీటి మీద పాలసీ చేస్తామన్నాడొకాయన, నీళ్ల జోలికి మాత్రం పోరట. నీటి గురించి కథలు చెప్పిస్తామంది ఒకమ్మాయి, "మీ కన్నీటి కథ చెప్పండి" అని రికార్డర్ కూడా తీసింది. ఇంకో సంస్థతను ఓపిగ్గా వివరించాడు. "మేం పైపులివ్వమండీ. పైపుల గురించి ఆలోచించే నాయకుల్ని తయారు చేస్తాం."

"వాళ్లు ఆలోచించాక ఇస్తారా?"

"ఆలోచించాక వాళ్లు ఇంకొందర్ని తయారు చేస్తారు."

చిన్నాఫీసరు పక్కనే నిలబడి వింటోంది. ఎడమ చేతిలో టీ చల్లారిపోయింది.

సరిగ్గా అప్పుడు, "నీరే ప్రాణం" అన్న సెషన్ నడుస్తుండగా, బాత్‌రూములో పైపు పగిలింది. నీళ్లు తలుపు కింద నుంచి హాల్లోకి వచ్చాయి. ప్రాణం కాళ్ల కిందకి వస్తే నాలుగొందలమందీ కుర్చీలెక్కారు! హోటల్ ప్లంబరు సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అతనికి టార్చి పట్టడానికి హాలు మొత్తం మీద ఒక్కరు ముందుకొచ్చారు. వార్డెనమ్మ. చిన్నాఫీసరు చెప్పులు విప్పి వెనకే వెళ్లింది.

"ఎన్ని నీళ్లు నాయనా!" అంది వార్డెనమ్మ, ఉండబట్టలేక. "మా పిల్లలకి చుక్క లేదు."

ప్లంబరు తల తిప్పలేదు. "లైనెంత దూరంలో ఉంది?"

"గేటు ముందే. అక్కడ్నించి వంటింటికి నలభై అడుగులు."

"కాలవ తవ్వారా?"

"తవ్వేశాం."

"తవ్వేశాక ఇంకేముందమ్మా! సగం పని అయిపోయినట్టే."

చిన్నాఫీసరు నీళ్లు ఎత్తిపోస్తున్న బకెట్ కింద పెట్టింది. ఫౌండేషన్ సాయం కోరేవాళ్లు నింపాల్సిన పన్నెండు పేజీల దరఖాస్తు ఫారం ఆమే తయారు చేసింది. అందులో "సామాజిక ప్రభావం" ఉంది, "లక్ష్యాల సాధన" ఉంది. ఎన్నడుగులని ఎక్కడా లేదు!

ఆ తర్వాత జరిగింది చూడండి, నెట్‌వర్కింగ్ అంటే అదీ. హోటల్లో మంచి పైపులే పీకేసి కొత్తవి వేస్తున్నారు. మేనేజరుకి రంగు నచ్చలేదట. పాతవి పెరట్లో పడున్నాయి. ప్లంబరు హౌస్‌కీపింగ్ అక్కని అడిగాడు, అక్క మేనేజర్ని అడిగింది, "తీసుకుపోతే పీడా పోతుంది" అన్నాడాయన. డెలిగేట్లని తెచ్చిన వ్యాను సాయంత్రం దాకా ఖాళీ, డ్రైవరు స్టీరింగ్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపారు. మున్సిపాలిటీ లైన్‌మన్ ప్లంబరుకి స్వయానా బామ్మర్ది. "ఒరేయ్, అయిదు లోపల రాకపోతే మీ అక్కతో చెప్తా" అన్నాడు ఫోన్లో. అంతే! కార్డు ఒక్కటీ చేతులు మారలేదు. ఆ పూట పనికొచ్చిన వాళ్లలో ఒక్కరి మెళ్లోనూ బ్యాడ్జీ లేదు.

మూడయింది. లోపల మైకులో "క్షేత్రంతో మమేకం కావడం ఎలా?" అని చిన్నాఫీసర్ని పిలుస్తున్నారు. ఆమె పెరటి గేటు దగ్గర నిలబడి ఉంది, ఒక కాలు హాలు వైపు, ఒక కాలు వ్యాను వైపు. ఈ ప్యానెల్లో మాట్లాడితే సీనియర్ ఆఫీసరు. ఎగ్గొడితే మెమో.

"ఎక్కుతారా మేడమ్, తలుపు వేసెయ్యనా?" అన్నాడు డ్రైవరు.

"కాస్త జరగండి" అని ఎక్కి కూచుంది. బ్యాడ్జీ తాడు తలుపులో ఇరుక్కుంది. తెంపేసింది.

హాల్లో మూడుసార్లు పిలిచారు. కుర్చీ ఖాళీ. ప్యానెల్ నడిపించే ఆయన చురుకైన మనిషి. "మిత్రులారా! ఆమె ఇక్కడ లేదు. ఎందుకంటే ఆమె క్షేత్రంలో ఉంది! ఈ ఖాళీ కుర్చీయే ఆమె సందేశం!" అన్నాడు. నాలుగొందలమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఏడ్చారు. సమ్మేళనం మొత్తానికి పలికిన ఒకే ఒక్క నిజం అది. ఆ పలికింది కూడా కుర్చీ!

హాస్టల్లో అప్పటికి పైపు చివర పట్టుకుని చిన్నాఫీసరు బురదలో మోకాళ్ల మీదుంది. అలవాటు కొద్దీ ఎడమ చేత్తోనే పట్టుకుంది.

"రెండు చేతులూ వెయ్యమ్మాయ్!" అని కసిరాడు ప్లంబరు. "ఎవరికి షేక్‌హ్యాండిద్దామని?"

అయిదుకి పావుగంట ముందు లైన్‌మన్ వచ్చాడు, అక్కకి భయపడుతూనే. కాగితం చూశాడు, వాల్వు తిప్పాడు. వంటింటి కుళాయి బుస్సుమంది. తుమ్మింది. ఎర్రగా కక్కింది. ఆ తర్వాత తెల్లగా, ధారగా, సాఫీగా! నలభైమంది పిల్లలు వేసిన కేకకి వీధిలో వాళ్లు ఏదో మ్యాచ్ గెలిచామనుకున్నారు. చీకటి పడేలోపు కాలవ పూడ్చి ర్యాంపు చదును చేశారు. మర్నాడు వీల్‌చైర్లన్నీ పరీక్షలకి వెళ్లాయి, పిల్లలు మాత్రం చిన్నాఫీసర్ని తిట్టుకుంటూ.

ఆ పిల్లకి నీళ్లు తేవాలని ఉండేది. ఆ తడిని రెండేళ్లపాటు కరచాలనాలతో ఆరబెట్టారు. అయినా ఆరలేదు. శిక్షణలో ఎక్కడో లోపం ఉందన్నమాట!

ఫౌండేషన్ ఆ లోపాన్ని వెంటనే సరిదిద్దింది. పర్మిషన్ లేకుండా బయటికి పోయినందుకు చిన్నాఫీసరుకి మెమో ఇచ్చారు. ఖాళీ కుర్చీకి అవార్డు ఇచ్చారు. వార్షిక నివేదిక అట్ట మీద ఆ కుళాయి ఫొటో వేసి, కింద "నెట్‌వర్కింగ్ సాధించిన నీరు" అని రాశారు. అబద్ధం కాదు కదా! తర్వాత డైరెక్టరు గారికి ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. వచ్చే సమ్మేళనంలో ముఖ్య ఉపన్యాసం ప్లంబరు చేతే ఇప్పిస్తే?

పిలిచే పని చిన్నాఫీసరుకే పడింది. ఫోన్ చేసింది. "బాబాయ్, మా వాళ్లంతా నిన్ను రమ్మంటున్నారు. నాలుగొందలమంది ఉంటారు."

"నాలుగొందలమందా!" అటువైపు సంచీ సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. "లీకెక్కడమ్మా?"

ఆమె చుట్టూ చూసింది. అద్దాల గదిలో డైరెక్టరు గారు కోచ్ గారితో చెయ్యి కలుపుతున్నారు. పక్క గదిలో కొత్తగా చేరిన ఆరుగురు కుర్రవాళ్లు టీ కప్పు ఎడమ చేత్తో పట్టుకోవడం ప్రాక్టీసు చేస్తున్నారు. అందరి టేబుళ్ల మీదా ఫైళ్లు.

"నువ్వే వచ్చి చూడు బాబాయ్," అంది. "పెద్ద రెంచి పట్రా."