అరడుగు తేడా

రేపల్లె అవతల పల్లెలో ఉండే రాఘవులు పాత చెక్క పడవ నెల కిందట నిలువునా చీలిపోయింది. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టినా కొత్త అల్యూమినియం పడవ ఒక్కటే వస్తుంది. బాపట్ల పడవల షెడ్డులో రెండున్నాయి. గేటులోంచి వెళితే కుడివైపుది పద్నాలుగడుగులు, ఎడమవైపుది పద్నాలుగున్నర. చిన్నదైతే ఒక్కడినే ఒడ్డుకు లాక్కోవచ్చని రాఘవులు, పెద్దదైతే ఇంకో బుట్ట చేపలు పడతాయని ఆయన భార్య అంజమ్మ. ఆ అరడుగు కోసం వారం రోజులు అన్నం మీద అలిగారు.

ఆ రోజు పొద్దున్నే రాఘవులు "వల దారానికి రేపల్లె పోయొస్తా" అని బయల్దేరాడు. సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. బొట్టు పెట్టి కాయ కొట్టిన పడవను వదిలేస్తే ఇంటికి అరిష్టమని వాళ్ళ నమ్మకం. ఇక అంజమ్మ మాత్రం ఏం చేయగలదు? బాపట్లలో దిగి, దొంగలా గేటులో దూరి, కుడి పడవ మీద కప్పిన పట్టా కొస ఎత్తి ఆ పని కాస్తా కానిచ్చేశాడు.

మీసం తిప్పుకుంటూ ఆఫీసు గదిలోకి వెళితే, అంజమ్మ కూర్చుని టీ తాగుతోంది!

"ఇదేంటే! తెనాలిలో ఎండుచేపలమ్ముతానన్నావు!"

"నువ్వు రేపల్లె అన్నావుగా! ఏదైతేనేం, తెల్లారగట్లే నా పడవకి బొట్టెట్టి కాయ కొట్టేశా."

"ఓరి నాయనో! నేనూ కొట్టేశానే!"

అంజమ్మ చేతిలో గ్లాసు జారిపోయింది. ఒకటి వదిలితే అరిష్టం. రెండూ కొనాలంటే ఇల్లు అమ్మాలి.

"కొంప ముంచావు కదయ్యా!"

"ముంచింది నువ్వు!"

షెడ్డు యజమాని మధుసూదన్ పరుగున వచ్చాడు. "ఆగండి పిన్నీ! ముందు చూద్దాం రండి" అంటూ రెండు పట్టాలూ లాగేశాడు.

ఎడమ పడవ మీద చిటికెడు పసుపు లేదు. కుడి పడవకు ఈ కొసన ఒక బొట్టు, ఆ కొసన ఒక బొట్టు. మధుసూదన్ రెండు బొట్లనూ మార్చి మార్చి చూశాడు.

"పిన్నీ, మీరెటు నుంచి వచ్చారు?"

"ఎవరి కంటా పడకూడదని వెనక కాలవ వైపు నుంచి. నాది ఎడమదేగా!"

"అటు నుంచి ఎడమదంటే బాబాయి పడవేనండి!"

రాఘవులు ఎగిరి గంతేశాడు. అంజమ్మ ముఖం పాలిపోయింది. పెద్ద పడవకేసి ఒక్కసారి చూసి ముక్కు చీదుకుంది.

"ఇంతకీ పడవ మీద పేరేం రాయించమంటారు బాబాయ్?"

రాఘవులు నోరు తెరిచేలోపే అంజమ్మ అందుకుంది. "తొలి బొట్టు ఎవరిదో వాళ్ళ పేరే, పడవా వాళ్ళదే. మా పల్లెలో అదే పద్ధతి. కాదంటాడేమో అడుగు!"

కాదనడానికి ఏముంది? తెల్లారగట్లే బొట్టు పెట్టింది ఆవిడే. పాపం, రాఘవులు 'అంజమ్మ' అనే రాయించాడు.

ఇప్పుడాయన తాను కోరుకున్న పడవలోనే వేటకు వెళుతున్నాడు, అంజమ్మను అడిగి.