వెనక షాక్‌కు తులాభారం

ఆ ఆదివారం పొద్దున గిరీష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్లకు తొడుగులు కట్టుకుని, నీళ్ల సంచీ వీపున తగిలించుకుని, బజారులో ఏదో ఒక కాటా మీద నిలబడి బరువు చూసుకోవడం. తర్వాత ఇడ్లీ తిని ఇంటికి రావడం. ఇంత చిన్న పనివల్ల ఎవరికీ ఏ కష్టమూ రాదని ఎవరైనా అనుకుంటారు. గిరీష్ కూడా అలాగే అనుకున్నాడు.

గిరీష్ తెనాలిలో కాలువల శాఖ ఆఫీసులో ఇంజనీరు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. అంతకుముందు పాడేరులో పనిచేసేటప్పుడు, స్నేహితులతో కలిసి కొండలెక్కడానికని కుదుపులు తెలియకుండా ముందూ వెనకా షాక్‌లున్న మౌంటెన్ సైకిలొకటి కొన్నాడు. బదిలీ మీద తెనాలి వచ్చినప్పుడు సైకిలు వెంట వచ్చింది గానీ స్నేహితులూ కొండలూ అక్కడే ఉండిపోయారు. తెనాలి చుట్టుపక్కల ఎక్కదగ్గ ఎత్తంటూ ఉంటే అది రైలు పట్టాల మీది ఫ్లైఓవరే. అయినా అతను ప్రతి ఆదివారం కొల్లిపర వైపు కరకట్ట దాకా తొక్కుకుంటూ వెళ్లి, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని, ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా తిరిగొచ్చేవాడు.

ఇప్పుడా సైకిలు వెనక షాక్ నూనె కారుతోంది. కొత్తది వేయించాలి. గాలి నింపే ఎయిర్ షాక్ తేలిక. ఉక్కు స్ప్రింగుండే కాయిల్ షాక్ మెత్తన. ఏది కొనాలన్న ఆలోచనలో ఎండాకాలం గడిచిపోయింది, వానలు కూడా పట్టాయి. పెళ్లి సంబంధాలైనా అతను ఇంత శ్రద్ధగా చూసుకోలేదు. చివరికి బెంగళూరు షాపులో ఉన్న తెలుగు కుర్రాడికి విసుగొచ్చింది. "సార్, రెండే రెండు సంగతులు చెప్పండి. సామానంతా వేసుకున్నాక మీ బరువెంత? మీరెక్కి కూర్చుంటే ఇప్పుడున్న షాక్ ఎంత కిందికి దిగుతోంది? ఏది కావాలో నేను చెప్తా" అన్నాడు.

మొదటిది తేలికే. చిక్కంతా రెండోదానితోనే వచ్చింది. కాళ్లు నేలకి ఆనించకుండా సైకిలెక్కి కూర్చోవాలి. అప్పుడు షాక్ మీదున్న రబ్బరు రింగు ఎంత జరిగిందో చూడాలి. కాళ్లు ఆనకుండా కూర్చోవాలంటే ఎవరో ఒకరు సైకిలు పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరే గిరీష్‌కి లేరు. గోడకి ఆనించి చూశాడు, మోచెయ్యి గీరుకుపోయింది. ఊరికి వచ్చిన ఇన్నేళ్లలో ఎవరినీ ఏమీ అడగని మనిషి, మొదటిసారి నోరు తెరిచి "కాస్త నా సైకిలు పట్టుకోండి" అంటే ఏం బావుంటుంది? అందుకని వచ్చే ఆదివారం సూర్యలంక పోదామనుకున్నాడు. అక్కడ సముద్రం చూడటానికి గుంటూరు జనం వస్తారు. తెలియనివాళ్లనైతే అడగొచ్చు, మళ్లీ మొహం చూడక్కర్లేదు.

బజారులో రంగనాయకులు గారి బెల్లం కొట్టు ముందు పెద్ద కాటా ఉంది. రంగనాయకులు కళ్లజోడు సర్దుకుని, వచ్చిన మనిషిని హెల్మెట్ నుంచి బూట్ల దాకా చూశాడు.

"ఏం కావాలి బాబూ?"

"ఏం వద్దండి. ఒకసారి నన్ను తూచి చెప్తారా బాబాయ్ గారూ?"

"అయితే అవన్నీ తీసేసి ఎక్కండి."

"లేదండి, ఇవన్నీ ఉండాలి. ఇలాగే తూచాలి. తేడా రాకూడదండి. తేడా వస్తే చేసిందంతా వృథా."

బెల్లం కొట్టుకొచ్చి, తనని తేడా లేకుండా తూచమని అడిగే మనిషికి మన వైపు ఒక్కటే అర్థం. తన బరువుకి సరిపడా బెల్లం దేవుడికిస్తానని మొక్కుకున్నాడన్నమాట. అలాంటివాళ్లు రంగనాయకులు దగ్గరికి ఏడాది పొడుగునా వస్తారు. మొక్కు దేనికని అడగడం మర్యాద కాదు. చెప్పుకోవడం మంచిది కాదు. అందుకని రంగనాయకులు అడగలేదు. హెల్మెట్ పెట్టుకుని బజారులో నిలబడ్డ సిగ్గుతో గిరీష్ చెప్పలేదు. ఇద్దరూ మర్యాదస్తులు కావడమే కొంప ముంచింది.

"ఎనభై నాలుగు కిలోలు" అన్నాడు రంగనాయకులు. "ఎప్పుడు బాబూ?"

"వచ్చే ఆదివారం సూర్యలంక వెళ్తున్నానండి. దాంతో అయిపోతే బావుండు."

"అయిపోతుంది. అంతా అక్కడి గంగమ్మ తల్లి దయ" అని ఆయన చేతులు జోడించాడు.

సైకిలు షాక్‌తో గంగమ్మకి పనేమిటో గిరీష్‌కి అర్థం కాలేదు. కానీ పెద్దాయన ఏదో మంచి మాటన్నాడు కదా అని తనూ చేతులు జోడించాడు. ఆ నమస్కారంతో బెల్లం ఖాయమైపోయింది.

రంగనాయకులు భోజనాల దగ్గర ఈ సంగతి భార్య జయలక్ష్మికి చెప్పి, ఎవరితోనూ అనొద్దన్నాడు. జయలక్ష్మి కూడా ఎవరితోనూ అనలేదు. గిరీష్ అద్దెకుండే ఇంటి ఓనరు విజయమ్మతో మాత్రం అంది.

"మూడుపూటలా ఒంటరిగా ఉండే మనిషికి తులాభారం దేనికంటావు వదినా?"

"ఇంకా దేనికి? పెళ్లికే! ఎక్కడో సంబంధం కుదిరుంటుంది. చూడు, ఒక్క ముక్క బయటపడనిచ్చాడా!" అంది విజయమ్మ.

ఇదే కబురు టీ కొట్టు మీదుగా గిరీష్ ఆఫీసుకి చేరేసరికి వేరే రూపు దాల్చింది. అక్కడ సీనియర్ అసిస్టెంటు జ్ఞానానందం రోజూ రేపల్లె నుంచి రైల్లో వస్తాడు. తులాభారాలతో ఆయనకి పని లేదు, ఆయనది చర్చి. కానీ సాటి మనిషి మీద జాలి మాత్రం ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఎవరితోనూ మాట్లాడడు, కూర్చుని ఒక్కడే క్యారేజీ తింటాడు, ఇప్పుడేమో మొక్కు. పెద్ద జబ్బే అయ్యుంటుందని ఆయన తేల్చేశాడు. సాయంత్రం రైలు రేపల్లె చేరేసరికి ఆ జబ్బుకి ఆపరేషన్ కూడా నిర్ణయమైపోయింది.

ఆ వారం గిరీష్‌కి ఏమీ బోధపడలేదు. సోమవారం విజయమ్మ పెసరట్లు పంపింది. మంగళవారం తనే వచ్చి, "ఒక్కడివే ఏం తింటావు నాయనా, మాతో పాటు తిను" అని కూర్చోబెట్టి వడ్డించింది. ఆఫీసులో అతని కుర్చీ ఫ్యాను కిందికి మారింది. ఫైళ్ల కట్ట ఎత్తబోతే జ్ఞానానందం పరుగున వచ్చి అందుకున్నాడు.

"మేం లేమా సార్? మీరు బరువులు ఎత్తకూడదు."

"నాకేమైందండి?"

"ఏమీ కాలేదు సార్. ఏమీ కాదు కూడా" అని జ్ఞానానందం అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం రంగనాయకులు ఫోన్ చేశాడు. "బాబూ, విజయమ్మ గారు మీ నంబరిచ్చారు. బెల్లం దిమ్మలు కట్టించేశాను. ఆదివారం ట్రాలీ ఆటోలో సూర్యలంక గంగమ్మ గుడికి చేరుస్తాం. మీ తులాభారం చూడటానికి మేమూ, విజయమ్మ గారూ, మీ ఆఫీసువాళ్లూ అందరం వస్తున్నాం."

గిరీష్ ఫోన్ పక్కన పెట్టాడు. పెసరట్లు, ఫ్యాను, కన్నీళ్లు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. వెంటనే నిజం చెప్పేయాలని లేచి చెప్పులేసుకున్నాడు. గుమ్మంలోనే విజయమ్మ ఎదురైంది, చేతిలో గుత్తి వంకాయ కూర గిన్నె.

"ఇవాళ ఆలస్యమైందేం? ఇంకా రాలేదేంటా అని కంగారుపడ్డాను" అంది.

ఇన్నేళ్లలో అతను ఎప్పుడొచ్చినా, అసలు రాకపోయినా, కంగారుపడ్డ మనిషి తెనాలిలో లేదు. నిజం చెబితే రేపట్నుంచి ఈ గిన్నె రాదు, ఆ కంగారూ ఉండదు. గిరీష్ చెప్పులు విప్పేశాడు. చేస్తున్నది తప్పని అతనికి బాగా తెలుసు. కానీ ఆకలి కూర కోసం కాదని కూడా తెలుసు.

ఆదివారం తెల్లవారుజామునే లేచి, అందరికంటే ముందు చేరి ఎలాగైనా ఆపుదామని, పొన్నూరు మీదుగా సైకిలు తొక్కాడు. బాపట్ల దాటేసరికి ట్రాలీ ఆటో హారన్ కొట్టుకుంటూ అతన్ని దాటిపోయింది. బెల్లం దిమ్మల పక్కన కూర్చున్న జయలక్ష్మి చెయ్యూపింది కూడా.

సూర్యలంకలో గుడి ముందు రెండు గుంపులున్నాయి. ఒకవైపు విజయమ్మ పట్టుచీరలో, జయలక్ష్మి పూలదండలతో. ఇంకోవైపు ఆఫీసు జనం తలలు వంచుకుని. జ్ఞానానందం అయితే, అవసరం పడితే పడుకోబెట్టి తీసుకెళ్లడానికని రేపల్లె నుంచి బావమరిది కారు తెచ్చి, వెనక సీట్లో దుప్పటి పరిచి సిద్ధంగా ఉంచాడు. గుడి చూసుకునే సింగయ్య, పల్లెలో చేపలు తూచే పెద్ద తక్కెడ తెచ్చి దూలానికి వేలాడదీశాడు.

"బాబూ, అమ్మ ముందు బూట్లూ టోపీలూ కూడదు. ఆ సంచీ కూడా దించు" అన్నాడు సింగయ్య.

గిరీష్ ఏదో చెప్పబోయాడు. ఈలోగా నలుగురూ హెల్మెట్ తీసి, సంచీ దించి, తొడుగులు విప్పి, చేపల వాసన కొట్టే తక్కెడ పళ్లెంలో అతన్ని కూర్చోబెట్టారు. రెండో పళ్లెంలో బెల్లం పెట్టారు. బెల్లం నేలకి దిగింది, గిరీష్ గాల్లోకి లేచాడు. లేచినవాడు ఎంతసేపటికీ దిగలేదు.

"చూశారా! వారంలో ఎలా చిక్కిపోయాడో!" అని జ్ఞానానందం కారు వైపు చూశాడు. "ఆపరేషన్ దాకా ఆగేలా లేదండి."

"ఏంటి ఆ మాటలు? పెళ్లి కాబోయే పిల్లాణ్ణి పట్టుకుని ఆపరేషనేంటి?" విజయమ్మ కొంగు బిగించింది.

"పెళ్లా! ఈ పరిస్థితిలో పెళ్లెవరు చేస్తారమ్మా? పిల్ల గొంతు కొయ్యడానికా?"

రెండు గుంపులూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎవరికి ఎవరు సర్దిచెప్పాలో తెలియక సింగయ్య తక్కెడ గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. గిరీష్ గాల్లో ఊగుతూ గట్టిగా అరిచాడు.

"నాకు జబ్బూ లేదు, పెళ్లీ లేదండి! ఆ తేడా నా సంచీ బరువు. నేను మొక్కుకోలేదు. సైకిలుకి వెనక షాక్ కొందామని బరువు చూసుకున్నాను, అంతే!"

ఆఫీసు జనం వంచిన తలలెత్తారు.

"జబ్బు లేదా సార్?" అన్నాడు జ్ఞానానందం.

"లేదండి."

"అస్సలు లేదా? మా చర్చిలో మీ కోసం అందరం ఉపవాసం ఉన్నాం సార్."

"మరి నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వారమంతా నా చేతి వంట తిన్నావే?" అంది విజయమ్మ.

గాల్లో వేలాడే మనిషికి తప్పించుకుపోయే దారి లేదు. "చెబితే పలకరించడం మానేస్తారని చెప్పలేదు పిన్నిగారూ" అన్నాడు గిరీష్.

విజయమ్మ ఇసకలోకి చూసింది. రంగనాయకులు మెల్లగా దిమ్మలు మళ్లీ ఆటోలోకి ఎత్తబోతే సింగయ్య ఆపేశాడు.

"ఆగండయ్యా. అమ్మ ముందు దించిన బెల్లం వెనక్కి ఎక్కదు. మొక్కు చెల్లిపోయింది. ఇక కోరికే మిగిలింది. ఇప్పుడు కోరుకో బాబూ. గొడవంతా నువ్వు నోరు విప్పకపోబట్టే వచ్చింది, అందరికీ వినపడేలా కోరుకో."

అందరూ చేతులు జోడించి ఎదురుచూశారు. గిరీష్‌కి పెళ్లి గుర్తు రాలేదు, ప్రమోషన్ గుర్తు రాలేదు. గొంతు సవరించుకుని, "ఎవరైనా ఒక్క నిమిషం నా సైకిలు పట్టుకుంటే చాలండి" అన్నాడు.

అడిగింది ఒక్కరిని. కదిలింది అందరూ. అతన్ని తక్కెడలోంచి దించి, సామానంతా మళ్లీ తొడిగి, సైకిలెక్కించారు. రంగనాయకులు హ్యాండిల్ పట్టుకున్నాడు. విజయమ్మా జయలక్ష్మీ సీటు చెరోవైపూ పట్టుకున్నారు. ఆఫీసువాళ్లు చక్రాలు పట్టుకున్నారు. జ్ఞానానందానికి ఇంకా అనుమానం తీరలేదేమో, గిరీష్‌ని రెండు చంకల కిందా చేతులు పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోండమ్మా, పడిపోతారు!" అన్నాడు జ్ఞానానందం.

"మేం పట్టుకునే ఉన్నాం, ముందు మీ కాలు తియ్యండి నా కాలి మీంచి!" అంది విజయమ్మ.

"ఎంతొచ్చింది సార్?"

గిరీష్ వంగి రబ్బరు రింగు చూశాడు. అది ఉన్నచోటు నుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇంతమంది ఎత్తి పట్టుకున్నాక షాక్ మీద బరువెక్కడ పడుతుంది? పట్టుకోవాల్సింది ఒక్కరేనని, మిగతావాళ్లు వదిలేయాలని చెప్పాలి. చెప్పడానికి తలెత్తాడు. చుట్టూ చెమటలు కారుతున్న మొహాలన్నీ తనవైపే చూస్తున్నాయి.

"సరిగ్గా రాలేదండి. వచ్చే ఆదివారం ఇంటి దగ్గర మళ్లీ కొలవాలి" అన్నాడు.

"మళ్లీనా!" అని విజయమ్మ నిట్టూర్చింది. "సరే, టిఫిన్లు అందరికీ మా ఇంట్లోనే."

"పొద్దున రైలుకి వచ్చేస్తా సార్" అన్నాడు జ్ఞానానందం.

దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. బెంగళూరు కుర్రాడు అడగడం మానేశాడు. పాత షాక్ నూనె కారుతూనే ఉంది. గిరీష్ కొత్తది ఇంకా కొనలేదు; ఏం చేస్తాడు పాపం, ప్రతి ఆదివారమూ కొలత తప్పే వస్తోంది.