బందెలదొడ్డిలో ఔషధ వనం

మనిషికి వచ్చే ప్రతి రోగానికీ భూమ్మీద ఎక్కడో ఒక మొక్క ఉంటుందని పూర్వీకులు తేల్చారు. ఆ ప్రతి మొక్కకూ ఒక దరఖాస్తు ఫారం ఉండి తీరాలని ‘వనమూలికల గుర్తింపు, సంరక్షణ, ప్రోత్సాహక విభాగం’ తేల్చింది. పూర్వీకులకు ఈ రెండో సంగతి తట్టకపోవడం వల్లనే వేల ఏళ్ల పాటు జనం ఏ రసీదూ లేకుండా కషాయాలు తాగి, ఏ అనుమతీ లేకుండా కోలుకున్నారు. మెదక్ పట్టణంలో ఈ అరాచకం మొన్నమొన్నటి దాకా నడిచింది. నడిపిన మనిషి పేరు సౌభాగ్యమ్మ.

సౌభాగ్యమ్మకు అరవై ఆరేళ్లు. ఒక హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసి, ఇప్పుడు చర్చి వెనక వీధిలో బడిలో పాఠాలు చెప్పే కోడలు ఫేబతో కలిసి ఉంటోంది. మొక్కల సంగతులు ఆమెకు తండ్రి గాబ్రియేలు నేర్పాడు. దగ్గుకు అడ్డసరం, ఒళ్లు నొప్పులకు వావిలాకు కాచిన నీళ్లు, పంటి పోటుకు ఉత్తరేణి పుల్ల, జ్వరం తగ్గాక నీరసానికి తిప్పతీగ. నాట్ల కాలం వస్తే హవేలిఘనపూర్ నుంచి నడుములు పట్టుకుని ఆడవాళ్లు ఆటోల్లో దిగేవాళ్లు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. (ఇది కూడా తర్వాత నేరమే అయింది. ఫారంలో ‘ఫీజు’ గడి ఖాళీగా వదలకూడదు.)

ఒక్క విషయంలో మాత్రం ఆమె తండ్రి మాట దాటింది. జ్వరం మూడు రోజులు దాటినా, దగ్గు రెండు వారాలు దాటినా ఆకు ముట్టుకునేది కాదు. “గిది నా చేతిల ముచ్చట గాదు బిడ్డా, దవాఖానకు పోండ్రి” అని పంపేసేది. గాబ్రియేలు తన సొంత తమ్ముడి దగ్గుకు నాలుగు నెలలు అడ్డసరమే పోశాడు. అయిదో నెలలో తమ్ముణ్ని సమాధుల తోటకు మోసుకుపోయారు. ఆ కషాయం గిన్నె రోజూ తోమింది పదకొండేళ్ల సౌభాగ్యమ్మే.

ఆమె మొక్కలన్నీ బందెలదొడ్డిలో దొరికేవి. ఒకప్పుడు చేలలో పడి మేసిన పశువులను తెచ్చి కట్టేసిన జాగా అది. పశువులు పోయి, గోడ కూలి, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అక్కడ అన్నీ బ్రహ్మాండంగా పెరిగాయి.

ఒక సోమవారం ఆ కూలిన గోడకు నోటీసు అంటించారు. బడి నుంచి వస్తూ ఫేబ ఫొటో తీసుకొచ్చి అత్తకు చదివి వినిపించింది. ‘ఇచ్చట ఔషధ వనం నిర్మించబడును. అందు నిమిత్తం పిచ్చిమొక్కలు తొలగించబడును. తొలగించు పిచ్చిమొక్కల జాబితా: అడ్డసరం, వావిలి, ఉత్తరేణి, తిప్పతీగ, నేలవేము, నల్లేరు...’

సౌభాగ్యమ్మ చాటలో బియ్యం పక్కన పెట్టింది. “గవే గదనే మందులు!”

“అవునత్తమ్మా. అవి తీసేసి మందుల తోట పెడ్తరట.”

మరునాడు ఇద్దరూ విభాగానికి వెళ్లారు. సహాయ మూలికాధికారి రంజిత్ కుర్చీలోంచి లేచి నమస్తే పెట్టాడు. చెడ్డవాడు కాదు. కంప్యూటర్లు చదివి వచ్చినవాడు. మూలికలతో అతనికి అంతకుముందున్న పరిచయమల్లా పుదీనా చట్నీ.

“సారూ, మీరు పిచ్చిమొక్కలని రాసినయి అన్నీ మందు చెట్లే” అంది సౌభాగ్యమ్మ.

“కావొచ్చు పెద్దమ్మా. కానీ లిస్టుల పిచ్చిమొక్కలనే ఉన్నయి.”

“లిస్టు ఎవరు రాసిండ్రు?”

“యాప్ రాసింది.”

“దాన్ని జర పిలుస్తవా, మాట్లాడ్త.”

రంజిత్ నవ్వలేదు. (విభాగంలో నవ్వడానికి నిబంధన లేదు.) అభ్యంతరం చెప్పే హక్కు నమోదైన సంప్రదాయ వైద్యులకు మాత్రమే ఉందని మర్యాదగా చెప్పాడు.

“నమోదైనోళ్లు ఎంతమంది ఉన్నరు సారూ?” ఫేబ అడిగింది.

“ఇంకా ఎవ్వరు లేరు మేడమ్. గందుకే ఒక్క అభ్యంతరం గూడ రాలే. స్కీము మస్తు మంచిగ నడుస్తుంది.”

సరే, నమోదు చేసుకుంటామన్నారు. నిబంధన సులువైనదే. ఆమె వల్ల నయమైన ఒక మనిషిని చూపించి, అతనికి సంబంధించి మూడు పత్రాలు జతపరచాలి. రోగం వచ్చినట్టు ఒకటి, రోగం పోయినట్టు ఒకటి, ఈ రెండింటి మధ్యా అతను ఏ డాక్టరు దగ్గరకూ పోలేదని ఒకటి. మూడింటి మీదా డాక్టరు సంతకం ఉండాలి.

హవేలిఘనపూర్ వీరయ్య మనస్ఫూర్తిగా ముందుకొచ్చాడు. పొలం గట్టు మీద జారి మడమ బెణికితే సౌభాగ్యమ్మ వావిలాకు వేడి చేసి తొమ్మిది రోజులు కట్లు కట్టింది. ఇప్పుడు ట్రాక్టర్ ఎక్కి దూకుతున్నాడు. ముగ్గురూ కలిసి పాత బస్టాండు దగ్గరున్న క్లినిక్కుకు పోయారు. డాక్టరు కాగితాలు మూడుసార్లు చదివాడు.

“నా దగ్గరికి రానోని గురించి నేనెట్ల సంతకం పెట్టాలె?”

“రాలేదనే రాయుండ్రి సార్” అన్నాడు వీరయ్య.

“ఇప్పుడు వచ్చినవ్ గద!”

వీరయ్య గమ్మున లేచి గుమ్మం బయటికి పోయి నిలబడ్డాడు. డాక్టరు మంచివాడు. బయట నిలబడ్డ మనిషిని కిటికీలోంచి చూస్తూ, ఇతన్ని నేనెప్పుడూ చూడలేదు అని రాసి సంతకం చేశాడు.

తర్వాతి మెట్టు మొక్కల నమోదు. ‘మూలికా నేస్తం’ యాప్‌లో మొక్క ఉన్న చోటనే నిలబడి దాని ఫొటో తీయాలి. ఈ యాప్‌ను అంతకుముందు పింఛన్లు తీసుకునే వృద్ధులు బతికే ఉన్నారో లేదో తెలుసుకోవడానికి తయారుచేశారు. ఖర్చు ఎందుకని, పేరు మార్చి ఇటు పంపారు. బందెలదొడ్డిలో ఫేబ ఫోను పట్టుకుని అడ్డసరం ముందు నిలబడగానే యాప్ ఆడగొంతుతో అంది: “దయచేసి ఒకసారి కళ్లు ఆర్పండి.”

అడ్డసరం కళ్లు ఆర్పలేదు.

“దయచేసి తలను ఎడమవైపు తిప్పండి.”

సౌభాగ్యమ్మ కొమ్మను మెల్లగా ఎడమవైపు వంచింది. యాప్ కాసేపు ఆలోచించి ‘వయసు సుమారు యాభై నాలుగు, ముఖం స్పష్టంగా లేదు, అద్దాలు తీసి మళ్లీ ప్రయత్నించండి’ అని చూపించింది. నాలుగు రోజుల్లో ఇరవై మూడు మొక్కలకు ప్రయత్నించారు. నల్లేరు ఒక్కటే నెగ్గింది, అది కూడా వీరయ్య పేరు మీద. వెనకాల అతను నిలబడి ఉన్నాడు.

ఇదంతా రంజిత్‌కు చెప్పుకుందామని వాళ్లు బయల్దేరిన రోజే జేసీబీ వచ్చేసింది.

సౌభాగ్యమ్మ దాని ముందుకు పోయి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, వావిలి చెట్టుకు చేరగిలి నిలబడింది, అంతే. జేసీబీ నడిపే అభిలాష్ ఇంజను ఆపి కిందికి దిగాడు. అతని తల్లిది రామాయంపేట. ఆమె మోకాళ్లకు రెండు చలికాలాలు వావిలాకు నీళ్లు కాచి పోసింది ఈమెనే.

“అమ్మా, నేను ఆపితే ఇంకోడొస్తడు. వానికి మీరెవరో తెల్వది.”

“నాకు తెలుసు బిడ్డా.”

అభిలాష్ తల గోక్కున్నాడు. తర్వాత బండి మీంచి టిఫిన్ డబ్బా తీశాడు. “నేను అన్నం తినాలె. జర మెల్లగ తింట నేను, రెండు గంటలు పడ్తది. గాంతల మీరేం జేస్కుంటరో చేస్కోండ్రి.”

ఉదయం తొమ్మిదిన్నరకు మొదలైన ఆ భోజనం దాదాపు పన్నెండు దాకా సాగింది. ఫేబ బడికి సెలవు చెప్పేసింది. వీధిలో వాళ్లు పారలు, పాత బకెట్లు, పగిలిన టబ్బులు పట్టుకొచ్చారు. అడ్డసరం కొమ్మలు నరికారు, తిప్పతీగ ముక్కలు చుట్టలు చుట్టారు, నల్లేరును గోనెసంచుల్లో నింపారు. నేలవేమును సౌభాగ్యమ్మే వేళ్లతో సహా పెళ్లగించింది. వావిలి చెట్టు మాత్రం రాలేదు. దాని వయసు ఆమె వయసంత ఉంటుంది. ఇంజను మళ్లీ మొదలైనప్పుడు ఆమె అటు చూడకుండా బకెట్లు లెక్కపెడుతూ కూర్చుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంకె కుదరలేదు.

వనం రెండు నెలల్లో తయారైంది. టైల్స్ వేసిన దారి, సిమెంటుతో చేసిన పెద్ద తులసాకు, సెల్ఫీ తీసుకునే చోటు, ఇరవై మూడు పేర్ల బోర్డులు. మొక్కలు మాత్రం ఎక్కడినుంచో లారీలో వచ్చాయి. దించి చూస్తే అన్నీ రంగురంగుల క్రోటన్లు. ప్రారంభోత్సవానికి విభాగాన్ని ఏలే పెద్దాయన వస్తున్నాడు, మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. సాయంత్రం రంజిత్ చర్చి వెనక వీధికి వచ్చి, గడప అవతలే ఆగిపోయాడు. ఇంటి ముందు బకెట్లలో, టబ్బుల్లో, విరిగిన వాషింగ్ మిషన్ డ్రమ్ములో వావిలి తప్ప అతని జాబితా మొత్తం చిగురిస్తోంది.

“పెద్దమ్మా, జర మీరే కాపాడాలె. ఒక్క పూటకే. మళ్ల తెచ్చిస్త.”

సౌభాగ్యమ్మ అతని ముఖంలోకి చూసింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆ ముఖంలో మందు లేని నొప్పిలా కనిపించింది.

“తీస్కపో. నీళ్లు పోసుడు మర్వకు.”

ఆ రాత్రికే ఆమె నమోదు పూర్తయింది. యాప్‌లో మొక్క బదులు ఆమే కళ్లు ఆర్పింది. గుర్తింపు కార్డు మీద ‘సంప్రదాయ వైద్యురాలు, క్రమ సంఖ్య ఒకటి’ అని వచ్చింది.

ప్రారంభోత్సవం రోజు ఆమెను వేదిక మీద రెండో వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ప్రజల్లోకి మూలికా జ్ఞానం పోవాలని పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ సమయంలో ప్రజలను తాడు అవతల ఆపారు. తాడు కింది నుంచి వంగి ఒక తల్లి లోపలికి వచ్చింది. పేరు లలిత, ఊరు అల్లాదుర్గ్. చంకలో ఏడేళ్ల కూతురు అంకిత. ఇంటికి పోతే ఇక్కడున్నారని చెప్పారట.

“నెల రోజులాయె అమ్మా, ఒకటే దగ్గు. రాత్రయితే ఒళ్లు కాల్తది. జర ఏమన్న పసరు పొయ్యుండ్రి.”

రంజిత్ కళ్లు మెరిశాయి. కెమెరాలు ఇటు తిరిగాయి. అతను సౌభాగ్యమ్మ చెవి దగ్గర వంగాడు. “పెద్దమ్మా, గిదే మంచి చాన్సు. రెండు అడ్డసరం ఆకులు నలిపి పొయ్యుండ్రి చాలు. పెద్దాయన చూస్తుండు.”

సౌభాగ్యమ్మ పిల్ల వీపు మీద అరచెయ్యి పెట్టింది. ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. లోపలి నుంచి వస్తున్న చప్పుడు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు నాలుగు నెలలు పక్క గదిలోంచి విన్నదే.

“పొయ్య.”

“పెద్దమ్మా, లైవ్ నడుస్తుంది!”

“నడవనియ్యి. గిది ఆకుల ముచ్చట గాదు.” ఆమె శాలువా తీసి పిల్లకు చుట్టింది. “లలితా, పా బిడ్డా, దవాఖానకు.”

అంబులెన్సు ఎదురుగానే ఉంది. కానీ అది పెద్దాయనకు ఏమైనా అయితే పనికొచ్చేది; ఆయనకు ఏమీ కాకపోవడం వల్ల కదలడానికి వీల్లేదు. ఆటోలను చౌరస్తా దగ్గరే ఆపేశారు. ఆ దారిలో తిరగడానికి, వనం పని పేరు మీద, పాసు ఉన్న బండి ఒక్కటే. అభిలాష్ దాని తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కుండ్రి అమ్మా. ఇరుకిరుగ్గ ఉంటది, ఏమనుకోకుండ్రి.”

మెదక్ పట్టణంలో జేసీబీ ఎక్కి దవాఖానకు పోయిన మొదటి రోగి అంకిత. పోలీసులు సెల్యూట్ కొట్టి దారి వదిలారు. (పసుపు రంగు బండిలో ఎవరో పెద్దవాళ్లే ఉంటారనుకున్నారు.) పరీక్షలు చేసి, టీబీ అన్నారు. మొదట్లోనే తెచ్చారు కాబట్టి భయం లేదు, ఆరు నెలలు మాత్రలు మానకుండా మింగాలన్నారు. లలిత గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. సౌభాగ్యమ్మ పక్కనే కూర్చుని ఆమె వీపు నిమిరింది. బాబాయి ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. దగ్గే గుర్తొచ్చింది.

మొక్కలు తిరిగి రాలేదు. వనంలోకి వచ్చిన ప్రతిదీ స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతుందనీ, ఎక్కినది దిగడానికి పద్ధతి లేదనీ రంజిత్ తల వంచుకుని చెప్పాడు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు లేక చాలావరకు ఎండిపోయాయి. రిజిస్టరులో పచ్చగానే ఉన్నాయి.

ఏప్రిల్‌లో సౌభాగ్యమ్మకు విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. ఫేబ వరండాలో నిలబడి చదివింది. క్రమ సంఖ్య ఒకటి గల వైద్యురాలి వార్షిక పనితీరును సమీక్షించడమైనది. ప్రత్యక్ష ప్రసారంలో వచ్చిన ఏకైక రోగిని మూలికలతో నయం చేయక దవాఖానకు పంపినందున ఆమె ఖాతాలో నయమైన వారి సంఖ్య సున్నా. మూలికా పరిజ్ఞానం తగినంత లేనట్లు భావించి, ఆమెను మూడు రోజుల శిక్షణకు ఎంపిక చేయడమైనది. మొదటి రోజు పాఠం: అడ్డసరమును గుర్తించు విధానము.

“ఇంకేమన్న రాసిండ్రా?” సౌభాగ్యమ్మ అడిగింది.

ఫేబ కాగితం తిప్పింది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది.

‘విభాగము వద్ద అడ్డసరము లేనందున, మొక్కను అభ్యర్థులే తెచ్చుకొనవలెను.’