నారప మడిలో సర్వే

తెక్కలకోట దగ్గరి ఒక పల్లె బడిలో ఆ సోమవారం లెక్కలు చెప్పకూడదని చెన్నకేశవరావు మాస్టారు నిర్ణయించుకున్నారు. పెద్దయ్యాక ఏమవుతారంటే పిల్లలు డాక్టరు, కలెక్టరు తప్ప మూడో మాట అనడం లేదని ఆయన బాధ. రోడ్లు వేసే ఇంజనీర్లూ ఉంటారని చూపించడానికి నేల కొలిచే గొలుసు, తాడు, ఎర్రగుడ్డ కట్టిన పుల్లలు పట్టించి ఐదో తరగతిని పొలాల్లోకి తీసుకెళ్లారు.

మాస్టారు అటు చివర గొలుసు చూస్తుండగా ఇటు చివరికి నారప వచ్చాడు. అతని ఆస్తంతా రెండెకరాల మడి. నాట్లు పడి పది రోజులు కాలేదు. అటు గట్టు మీదొక ఎర్రజెండా, ఇటు గట్టు మీదొకటి.

"ఏం చేస్తాండారు పాపా?" అని అక్కడున్న ఝాన్సీలక్ష్మిని అడిగాడు.

"రోడ్డేస్తున్నాం బాబాయ్. నేనే ఇంజనీర్ని. మీ మడిలోంచి తిన్నగా బళ్లారికి!"

కాలువ తవ్వినప్పుడు ఇలాంటి జెండాలే నారప అన్న చేలో దిగాయి. ఆ అన్న ఇప్పుడు కూలికి పోతున్నాడు. నారప పరుగున ఇల్లు చేరాడు.

"కొంప మునిగింది రామలక్ష్మీ! మన మడిలో రోడ్డు పడతాదంట!"

"బడి పిల్లోళ్ల మాట నమ్మేదేనా?" అంది భార్య.

"సర్కారోళ్లు ముందర పిల్లోళ్లనే పంపుతారే. పెద్దోళ్లొస్తే తంతామని వాళ్లకు ఎరికే! అమ్మోరు అడ్డముంటే రోడ్డు వంకర తిరుగుతాది. గుడి అడ్డమొస్తే కాలువ తిరగలా?"

మధ్యాహ్నానికల్లా మడి నడుమ మట్టిదిబ్బ, దాని మీద రాయి, రాయికి పసుపు కుంకుమలు, వేపమండలు అమరాయి. సుంకలమ్మ వెలిసిందని నారప నలుగురికి చెప్పాడు. మన ఊళ్లకు నాలుగు నోళ్లు చాలు.

సాయంత్రం పక్కింటి సిద్దక్క మొక్కుకుంది. ఆమె తప్పిపోయిన గేదె రెండు గంటల్లో ఇంటికొచ్చింది. ఇక చెప్పేదేముంది! తెల్లవారితే మంగళవారం. జనం టెంకాయలు పట్టుకుని నాట్ల మీదుగానే నడిచారు.

సంగతి విని బుధవారం మాస్టారు వచ్చారు.

"అది పాఠమండీ నారపగారూ! రోడ్డూ లేదు, పాడూ లేదు. పుల్లలు ఆ రోజే పీకేశాం."

"ఆ మాట ముందే చెప్పగూడదా అయ్యవారూ!" అన్నాడు నారప. వెంటనే రాయి పీకేద్దామని దాని మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, అమ్మోరినే పీకుతావా? కండ్లు పోతాయి!" అని అప్పుడే టెంకాయతో వచ్చిన సిద్దక్క అరిచింది.

నిజం చెబితే ఊరు తంతుంది. చెప్పకపోతే మడి పోతుంది. పైగా గేదె దొరికిన మాట నిజమే కదా అని నారపకూ లోలోపల భయం పట్టుకుంది. చెయ్యి తీసి దండం పెట్టాడు.

రెండు నెలలకు రాయి చుట్టూ గుడి లేచింది, మడి నడుమ బండి పట్టేంత బాట పడింది. తాలూకా నుంచి నిజమైన రోడ్ల ఓవర్సీరే వచ్చాడు. ఇంతమంది నడిచేచోట రోడ్డు పడాల్సిందేనన్నాడు.

"గుడి ఉండాది కదా సామీ, వంకర తిప్పరా?" అన్నాడు నారప ఆశగా.

"సుమ్మనుండప్పా, ఊరకుండు, రోడ్డేసేదే గుడికి!"

ఆ రోడ్డు కావాలని ఊరంతా కలిసి పెట్టిన అర్జీలో, గుడి ధర్మకర్త హోదాలో, మొదటి సంతకం నారపదే.