నూట పన్నెండో పేజీ

రెండు రోజుల ప్రయాణానికి వరదమ్మ నాలుగు రోజుల మాత్రలు పెట్టుకుంది. రెండు చీరలు, తువ్వాలు, నీళ్ళ సీసా, చెల్లెలి మనవరాలు శృతి బిడ్డకు వెండి మొలతాడు. గుడియాత్తంలో శుక్రవారం ఆ బిడ్డకు పేరు పెడతారు. గురువారం పదిగంటల బస్సెక్కితే పదకొండుకల్లా అక్కడ దిగవచ్చు, శనివారం మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అన్నీ సర్దాక, చీరల మడతల్లో అట్ట లేని నవలను దాచింది.

"పుస్తకం యాడికి తీసుకపోతావుండావు వరదక్కా? ఈడ పెట్టిపోతే మేమేమన్నా తినేస్తామా?" అంది రెండో మంచం మీది కుప్పమ్మ.

"మీకు చదవను రాదు కదా."

"రాకుంటే ఏం? నాలుగ్గంటలకు మధ్యలో పెట్టుకొని చూస్తా కూర్చుంటాం."

వేలూరు నుంచి గుడియాత్తం పోయే రోడ్డు పక్కన పెద్దవాళ్ళ కోసం కట్టిన కాలనీ అది. పొన్నై, అణైకట్, ఆర్కాడు వైపు నుంచి వచ్చినవాళ్ళంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో మాత్రం అరవం చదివారు. చిత్తూరు బస్సుల బోర్డులు, పంచాంగాలు చూసి తనంతట తాను తెలుగు నేర్చుకున్నది వరదమ్మ ఒక్కతే. అందుకే రోజూ నాలుగ్గంటలకు భోజనశాల వరండాలో ఎనిమిది మందికి ఆ నవల చదివి వినిపించేది. విశాఖపట్నంలో ఇలాంటి కాలనీలోనే ఉండే పూర్ణచంద్ర అనే రిటైరైన పోస్టుమాస్టరూ, సుమిత అనే టీచరమ్మా ప్రేమించుకునే కథ.

ఆ నవల ఆడినెలలో, అంటే ఆషాఢంలోనే అయిపోయింది. నూట పన్నెండో పేజీతో సరి. అందులో ఉన్నది వరదమ్మకు నోట రాలేదు. "మిగతాది రేపు" అని పుస్తకం మూసేసింది. మర్నాటి నుంచి పాత పేజీలే తిప్పుతూ సొంతంగా చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు గడిచాయి. పూర్ణచంద్ర ఇప్పుడు పొద్దున్నే రాగిసంకటి తింటున్నాడు. విశాఖ సముద్రం దగ్గర షేర్ ఆటో ఎక్కి ఆర్కాడులో దిగుతున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఒకరోజు తెలిసిపోతుందని, ఆ రోజు నుంచి నాలుగ్గంటలకు తన దగ్గరికి ఎవరూ రారని ఆమె భయం.

"పోయొస్తా కుప్పమ్మా," అంది గుమ్మంలో. గేటు దగ్గర మళ్ళీ అంది. బస్సెక్కాక కిటికీలోంచి మూడోసారి అంది.

ఆమె వెళ్ళాక కుప్పమ్మ ఊడుస్తుంటే మంచం కింద ఒక కాగితం దొరికింది. కేలండరు నుంచి చించిన తేదీ కాగితం. వెనకవైపు వరదమ్మ రాత, అచ్చులో ఉన్నట్టు గుండ్రంగా, తెలుగులో. వరదక్క మాత్రల వేళలేమోనని కుప్పమ్మ దాన్ని మేనేజరు ప్రభాకరన్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయనకూ తెలుగు చదవడం రాదు. ఫోనుతో ఫోటో తీశాడు. ఫోనులోని ఆడగొంతు దాన్ని అరవంలోకి మార్చి, వార్తలు చదివినట్టు చదివింది.

"నేను పోతున్నాను. రోజూ భోజనశాలలో మిమ్మల్ని చూసి చూడనట్టు ఇడ్లీ తినడం ఇక నా వల్ల కాదు. ధైర్యముంటే పదకొండు గంటలకు గుడియాత్తం బస్టాండుకు రండి. ఎవరికీ చెప్పవద్దు. బీపీ మాత్రలు మరవవద్దు."

అది శనివారం చెప్పాలని రాసుకున్న కథ. సుమిత పూర్ణచంద్రకు రాసే ఉత్తరం.

ప్రభాకరన్ కుర్చీలోంచి లేచాడు. "ఉత్తదే అయ్యుంటుందమ్మా..."

"ఏం ఉత్తది? పోగిరేన్ అని చెప్పినాది నీ ఫోను. పోయిట్టు వరేన్ అనలేదు! మా వరదక్క పెరట్లోకి పోయినా పోయొస్తాననే పోతాది. వచ్చేదుంటే పోతున్నానని రాస్తాదా?"

ప్రభాకరన్ గేటు పుస్తకం తెప్పించాడు. ఆ పొద్దున బయటికి వెళ్ళినవాళ్ళు ఇద్దరే. పదిగంటలకు వరదమ్మ. ఎనిమిదికి గోపాలస్వామి, రోజూ కథ వినడానికి వచ్చే రిటైరైన మేస్త్రి. ఎక్కడికి అన్నచోట 'వేలూరు, కళ్ళజోడు' అని రాసి ఉంది.

"కళ్ళజోడంట!" అని కుప్పమ్మ అప్పుడే ఆయనకు ఫోను చేసింది. "ఏమప్పా మేస్త్రీ, మాకు తెలిసిపోయినాది. గుడియాత్తం బస్టాండులో వరదక్క నీ కోసం కాచుకోనుండాది. తెలీనట్టు నటించొద్దు!"

"అట్లనా? వస్తావుండానని చెప్పమ్మా," అని గోపాలస్వామి ఫోను పెట్టేశాడు.

"చూసినావా నాయనా?" అంది కుప్పమ్మ.

ప్రభాకరన్ గుడియాత్తంలో చెల్లెలి ఇంటికి ఫోను చేశాడు. అక్కడ పందిరి వేయిస్తున్నారు. పని వదిలేసి నలుగురు బస్టాండుకు బయలుదేరారు. కాలనీ వ్యానులో ఎనిమిది సీట్లు. పదకొండు మంది ఎక్కారు. అందులో ఇద్దరు ఎందుకు వెళ్తున్నామో దారిలో అడిగి తెలుసుకున్నారు.

దారిలో టైరు పంచరై బస్సు ఆలస్యమైంది. వరదమ్మ దిగేసరికి ఒకవైపు చెల్లెలి వాళ్ళు, ఒకవైపు కాలనీ వాళ్ళు. మధ్యలో కొత్త కళ్ళజోడుతో, చేతిలో మందుల సంచితో, వేలూరు బస్సు దిగిన గోపాలస్వామి.

"ఎవరికేమయింది?" అంది వరదమ్మ.

కుప్పమ్మ కాగితం ముందుకు చాచింది. వరదమ్మ చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇది కథమ్మా! సుమిత రాసిన జాబు!"

"అయితే పుస్తకంలో చూపీ."

సంచి విప్పక తప్పలేదు. ఇంతమందిలో ఎవరికీ చదవను రాదన్న ధైర్యంతో ఆమె చివరి పేజీ తెరిచి, "ఇదో, ఈడ," అని వేలు పెట్టింది. ప్రభాకరన్ ఫోను తీస్తాడని అనుకోలేదు.

"పూర్ణచంద్ర బస్సెక్కాడు," అంది ఆడగొంతు. "ఆ తరువాత ఆ కాలనీలో ఎవరూ అతణ్ణి చూడలేదు. ముగిసింది."

బస్టాండులో కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు.

"నాలుగు నెల్లుగా మాకు చెప్పిందంతా?" అంది కుప్పమ్మ.

"నేనే అల్లినాను," అని వరదమ్మ సంచి పట్టీ మెలిపెట్టింది. "ఇంక మీరు రాకుంటే రాకపోండి."

"నాకు ముందే తెలుసు," అన్నాడు గోపాలస్వామి.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"మనవరాలి పలక పుస్తకం తెప్పించుకొని తెలుగు అక్షరాలు నేర్చుకున్నా. ఆ జంటకు పెండ్లయితాదా లేదా అని ఆత్రం. ఆడిలో ఒకరోజు ఈమె పుస్తకం బెంచీ మీద పెట్టి కాఫీకి పోతే కడపటి పేజీ చదివేసినా. కండ్లు పోయినాయి. అందుకే ఈ అద్దాలు."

"తెలిసీ చెప్పలేదా నువ్వు?"

"చెప్పింటే ఆ పూర్ణచంద్ర మళ్ళా వచ్చేవాడు కాదు కదమ్మా."

కుప్పమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఇంతదూరం యాల వచ్చినావు?"

"కాచుకోనుండాదని నువ్వే గదా చెప్పినావు."

వరదమ్మ తల దించుకుని పుస్తకం మూసింది. ప్రభాకరన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. చెల్లెలు మాత్రం, వచ్చినవాళ్ళంతా భోజనానికి రావాల్సిందేనని పట్టుబట్టింది.

"అదంతా సరేగానీ వరదక్కా," కుప్పమ్మ అరుగు మీద కూలబడింది. "వ్యానులో నిలబడి వచ్చినాను. ఆ పూర్ణచంద్ర గుడియాత్తం వచ్చినాడా లేదా? అది చెప్పి కదులు."

వరదమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"వచ్చినాడు. బస్సు ఆలస్యమయింది, అంతే."

పూర్ణచంద్ర అలా తిరిగి వచ్చాడు. వరదమ్మ భర్త రంగరాజులు 1991 జూన్ పదకొండు, మంగళవారం పొద్దున, పోయొస్తానని చెప్పే ఆర్కాడు బస్సెక్కాడు. రాలేదు.