గలీబుల బకెట్టులో చమురు

...అసలు "ఏం పని చేస్తాండారు సారూ" అని అడిగిన మనిషికి జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి? భూమి దగ్గరా, రాయి దగ్గరా, నూనె దగ్గరా? మోటారు సైకిలు మీద కాలేజీకి పోతూ దావీదురాజు ఈ ప్రశ్నను మళ్లీ మనసులో తిప్పుకున్నాడు. ఇంటి యజమాని సుబ్బయ్య నాలుగేళ్లుగా అదే అడుగుతున్నాడు. దావీదురాజు నాలుగేళ్లుగా "రీసెర్చి" అని మెట్లెక్కి తన మిద్దె గదిలోకి పోతున్నాడు. పోయాక మంచం మీద కూర్చుని, చెప్పవలసిన మాటలన్నీ వరుసగా, అందంగా చెప్పుకునేవాడు. వినడానికి గోడలుండేవి. గోడలు ఎదురుప్రశ్న వేయవు.

నిజానికి అదంత పెద్ద సంగతేమీ కాదు. భూమిలో చమురు చెరువులా నిలిచి ఉండదు, రాతి సందుల్లో ఇంకి ఉంటుంది. బావి వేసి ఎంత తోడినా సగానికి పైగా రాయిని కరుచుకునే ఉండిపోతుంది. దాన్ని ఏ మందు కలిపిన నీళ్లతో బయటికి రప్పించాలన్నదే అతని పరిశోధన. ఖరీదైన రసాయనాల బదులు కుంకుడు రసం చాలునని అతని నమ్మకం. తొమ్మిదేళ్లుగా రాయి మాత్రం ఆ నమ్మకంలో పాలు పంచుకోలేదు. నూటికి పది వంతులు వదిలి, మిగతాది బిగబట్టుకునేది. ఈ రోజు పదకొండింటికి భూపేష్ గారనే పరీక్షకుడు కాలేజీకి వస్తున్నాడు. ఈసారీ రాయి మొండికేస్తే డాక్టరేటు గడువు తీరిపోతుంది. దాంతోపాటే కాలేజీలో ఉద్యోగమూ.

ఏడింటికి కాలేజీకి పోయి యంత్రం సిద్ధం చేయాలి, తొమ్మిదిన్నరకు తిరిగొచ్చి మిద్దె మీది స్టీలు డబ్బాను పట్టుకుపోవాలి. ఇదీ అతని పథకం. డబ్బాలో చపాతీ కర్ర ముక్కంత ఇసుకరాయి నలభై రోజులుగా ముడి చమురులో నానుతోంది. భూగర్భంలో వేడి ఉంటుంది కాబట్టి రాయికీ వేడి తగలాలి. కాలేజీలో ఓవెన్ చెడిపోయి ఏడాదైంది. కడపలో మే నెల ఎండ చెడిపోయిన దాఖలా లేదు. అందుకని మిద్దె మీద పెట్టి, "దాన్ని ముట్టుకోవద్దు" అని సుబ్బయ్యతో ఒక్క మాట అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ముట్టుకోవద్దన్న వస్తువు పక్కనే నలభై రోజులు వడియాలు ఆరబెట్టుకోవడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పని కాదు. రోజూ సాయంత్రం సారు వచ్చి, మూత తీసి, వాసన చూసి, నల్లటి రాయిని అటుది ఇటు తిప్పి పోవడాన్ని సుబ్బయ్య నీళ్ల ట్యాంకు వెనకనుంచి గమనిస్తూనే ఉన్నాడు. ఆ రోజు తొమ్మిదింటికి వడియాలు తిప్పడానికి ఎక్కినవాడు ఇక ఆగలేకపోయాడు. మూత తీసి వేలు పెట్టాడు. వేలు చురుక్కుమంది. ఎండకేమోనని డబ్బాను కిందికి తెచ్చి, నీడలో పెట్టి పావుగంట కాచుకున్నాడు. నూనెలో మునిగిన రాయి అంత తొందరగా చల్లారదు. ఆ సంగతి సుబ్బయ్యకు తెలియదు. వెంటనే బావమరిది నాగరాజ్‌కు ఫోన్ చేశాడు. నాగరాజ్ తుమ్మలపల్లె యురేనియం గనికి పోయే దారిలో టీ బంకు నడుపుతాడు. అణుశాస్త్రంలో ఆ ఇంటికి అతనే దిక్కు.

"నల్లగా ఉండాదా బావా?"

"బొగ్గు మాదిరి."

"నీడలో పెట్టినా కాలతాందా?"

"కాలతానే ఉండాది."

"ముట్టొద్దని గూడా చెప్పినాడంటివి. ఇంకేం కావాల? ముందు దాన్ని నీళ్లలో ఎయ్యి."

దగ్గర్లో ఉన్న నీళ్లు సుబ్బయ్య భార్య నాగలక్ష్మమ్మ బకెట్టులోవి. తలనూనె జిడ్డు పట్టిన దిండు గలీబులను ఆమె కుంకుడు రసంలో నానబెట్టుకుంది. సుబ్బయ్య పటకారుతో రాయిని పట్టి అందులో వదిలాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత రాయి ఒంటినిండా నల్లటి చుక్కలు పుట్టి, ఉబ్బి, ఒకటొకటిగా పైకి తేలసాగాయి.

"రాయి ఉమ్ముతాందే" అన్నాడు సుబ్బయ్య.

"నా గలీబులు" అంది నాగలక్ష్మమ్మ.

దావీదురాజు కొంచెం ఆలస్యంగా తిరిగొచ్చేసరికి సందులో యాభై మంది ఉన్నారు. బకెట్టు చుట్టూ నాలుగు నాపబండలు నిలబెట్టి ఉన్నాయి. కిరణాలు నాపరాయిని దాటవని ఎవరో చెప్పారట. కానిస్టేబుల్ అయ్యన్న మాస్కు మీద మాస్కు తగిలించుకుని కాపలా ఉన్నాడు.

"ఈ రాయి యాడిది సారూ?"

"బనగానపల్లె దగ్గరిది."

"ఆణ్నించి మామిడిపండ్లు తెచ్చేవాళ్లను చూసినా గానీ, రాళ్లు తెచ్చేవాళ్లను ఇప్పుడే చూస్తాండా. ఏంటికప్పా?"

"రీసెర్చి."

జనం రెండడుగులు వెనక్కి జరిగారు. ఇంతలో ఫోన్ మోగింది. ప్రిన్సిపాలు. "ఏమప్పా, యురేనియంతో దొరికినావంట? భూపేష్ గారు కూడా విన్నాడు. కారెక్కి నీ ఇంటికే వస్తాండాడు."

దావీదురాజు బండల మీదుగా బకెట్టులోకి తొంగి చూశాడు. నలభై రోజుల పని చుక్కలు చుక్కలుగా గలీబుల మీదికి పోతోంది. ఏడుపు రావలసిన చోట అతనికి వేరే ఏదో వచ్చింది. తొమ్మిదేళ్లు తన ముందు నోరు విప్పని రాయి ఇక్కడ, వీధి జనం ముందు, ఇంత ధారాళంగా మాట్లాడుతోందేమిటి? ఒకరకమైన అసూయ అది. ఆ అసూయలోనే అతని నోరు కూడా తెరుచుకుంది.

"అమ్మా, గలీబుకు పట్టిన నూనె ఉత్త నీళ్లకు పోతుందా?"

"యాడ పోతాది నాయనా. కుంకుడు రసం పడాల" అంది నాగలక్ష్మమ్మ.

"భూమి లోపల రాళ్లక్కూడా నూనె పట్టుంటుంది. పెట్రోలు చేసే నూనె. దాన్ని కుంకుడు రసంతో వదిలించాలని చూస్తున్నా. నా పని అదే."

జనం బకెట్టు వైపు ఒకడుగు ముందుకు జరిగారు.

"అంటే, రాళ్లకు తలంటు పోస్తాండావా?" అంది నాగలక్ష్మమ్మ.

"అవును."

"ఎన్నాళ్లనించి?"

"తొమ్మిదేళ్లు."

ఆమె అతని వంక జాలిగా చూసింది. "యురేనియం కాదా అయితే?" అన్నాడు సుబ్బయ్య. గొంతులో నిరాశ దాచుకోలేకపోయాడు. అయ్యన్న ఆలోచించి ఒక మాస్కు తీసేశాడు.

అప్పుడే కారు దిగిన భూపేష్ గారు ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక బండను పక్కకు జరిపి, బకెట్టు దగ్గర గొంతుకూర్చున్నాడు. నీళ్లలో తేలే చమురును, దాని పక్కన నురగను చాలాసేపు చూశాడు.

"నీ రిపోర్టుల్లో ఉప్పునీళ్లతో కుంకుడు సరిగా పనిచేయలేదని ఉంది. ఇక్కడి బోరు నీళ్లూ అలాంటివే కదా. ఇందులో ఏం కలిపావు?"

"నేను కలపలేదు సార్."

"ఈ చవుటి నీళ్లకు ఉత్త కుంకుడు ఏం చేస్తాది?" అంది నాగలక్ష్మమ్మ. "బట్టల సోడా ఇంత ఎయ్యాల. ఇది తెలీనోళ్లు గూడా ఉంటారా?"

ఇద్దరు చదువుకున్నవాళ్లూ నేల చూపులు చూశారు. భూపేష్ గారు ముందుగా తేరుకున్నాడు. "రాతిలోని చమురులో పైకి తేలిందే సగానికి పైగా ఉన్నట్టుంది. ఇంకో ఆరునెలల గడువుకు నేను రాస్తాను. కానీ సోడా ఎంతో అంకె కావాలి. 'ఇంత' అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు."

"ఎంత వేశారమ్మా?" అన్నాడు దావీదురాజు.

"చేతికొచ్చినంత."

జనం పోయారు. కారు పోయింది. దావీదురాజు తన గదిలోంచి చిన్న తూకం యంత్రం తెచ్చి నాగలక్ష్మమ్మ వంటింటి గడప మీద పెట్టాడు. ఆమె కూర్చోమనకముందే కింద చతికిలబడి, "ఇంకోసారి వేయండమ్మా" అన్నాడు. ఆమె సోడా డబ్బాలో చేయి పెట్టి తీసి వేసింది. పద్దెనిమిది గ్రాములు. మళ్లీ వేయమన్నాడు. పద్దెనిమిది. అనుమానంతో మూడోసారి వేయించాడు. పద్దెనిమిది.

దావీదురాజు నోటు పుస్తకం తెరిచి, 'వాడిన పరికరం' అన్న గడిలో 'నాగలక్ష్మమ్మ గారి కుడిచేయి' అని రాశాడు.